నక్కలమిట్ట విడిదిలో కూర్మారావుగారి బస్సు

పెద్ద బళ్లున్న వాళ్లకి సభ్యత్వ విడుదులు పనికొస్తాయా అని ఈమధ్య ఎక్కడికి వెళ్లినా నన్నడుగుతున్నారు. పెళ్లిలో పక్క విస్తరి ముందు కూర్చున్నాయన అడిగాడు. పన్ను పీకుతూ డాక్టరు అడిగాడు. నోట్లో పట్టకారు ఉంది కాబట్టి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. పనికొస్తాయి. నిక్షేపంలా పనికొస్తాయి. గిట్టనివాళ్లు అనకాపల్లి కూర్మారావుగారి బస్సు సంగతి పట్టుకుని ఊరూరా చాటుతున్నారు గానీ, ఆ బస్సు వచ్చిన సాయంత్రం నుంచీ దగ్గరుండి చూసినవాణ్ణి నేను. నేను సంచార గృహ విహార సంస్థకి ప్రజాసంబంధాల అధికారిని. నక్కలమిట్ట విడిదికి ఇన్‌ఛార్జిని కూడా. ఉద్యోగాలు రెండు, జీతం ఒకటే.

ముందు మా సంస్థ గురించి రెండు ముక్కలు. మా మేనేజింగ్ డైరెక్టర్ వైకుంఠరావుగారు అధ్యయనం కోసం విదేశాలు వెళ్లారు. అక్కడ జనం వంటిల్లూ పడగ్గదీ ఉన్న పెద్ద పెద్ద బళ్లలో దేశం తిరగడం, చీకటి పడితే సభ్యత్వం కట్టిన విడిదిలో బండి ఆపుకుని హాయిగా పడుకోవడం కళ్లారా చూశారు. "మనవాళ్లకి ఇళ్లున్నాయి, చక్రాలు లేవు. మన వెనుకబాటుకి మూలకారణం ఇదే" అని తిరిగొస్తూ విమానాశ్రయంలోనే విలేకరులకి చెప్పారు. అలా పుట్టింది మా సంస్థ. జీవితకాల సభ్యత్వం, దేశమంతటా విడుదులు. మా కరపత్రం మీద దేశపటం ఉంటుంది. దాని నిండా చుక్కలే. పచ్చచుక్కలు తెరవబోయే విడుదులు, ఎర్రచుక్క తెరిచిన విడిది. ఎర్రచుక్క ఒకటే. అది నెల్లూరు దాటాక హైవే పక్కనున్న మా నక్కలమిట్ట.

అదే కరపత్రం మీద ఒక పేద్ద బండి బొమ్మ కూడా వేయించాం. ఇల్లంత బండి, దాని ముందు పచ్చగడ్డి, గడ్డి మీద తెల్లకుక్క. ఆ బొమ్మ చూసి చాలామంది సభ్యులయ్యారు. వాళ్లలో ఎవరికీ బండి లేదు. పుట్టినరోజులకి కార్లలో వచ్చి, కేకు కోసుకుని, కుక్క ఏదని అడిగి వెళ్లిపోయేవారు. బండి లేని సభ్యుల వల్ల విడిది అరిగిపోదని మా వైకుంఠరావుగారు సంతోషించేవారు.

ఇక తోరణం. దీని ఎత్తు మీద చాలా అపోహలున్నాయి కాబట్టి కొంచెం ఓపిగ్గా వినండి. విడిదిని ప్రారంభించాల్సిన పెద్దాయన పేరు చెప్పను. మహానుభావుడు. ఎత్తు మాత్రం భగవంతుడు ఆచితూచి ఇచ్చాడు. అంతకుముందు ఎక్కడో చేపల మార్కెట్టు ప్రారంభంలో ఆయన చేత్తో గుమ్మానికి మామిడాకులు కట్టించాలని నిర్వాహకులు సరదాపడ్డారు. అందలేదు. స్టూలు వేశారు. స్టూలు మీద పెద్దాయన, స్టూలు కాళ్లు పట్టుకుని ఇద్దరు అధికారులు, ఆ ఫొటో పేపర్లో పడింది. ఆ అధికారులిద్దరూ ఇప్పుడు ఏ అడవుల్లో పనిచేస్తున్నారో వాళ్ల ఇంట్లోవాళ్లకే సరిగా తెలియదు. అందుకని మా ఇంజినీరు ముందుజాగ్రత్త పడ్డాడు. పెద్దాయన చెయ్యెత్తితే ఎంతవరకు అందుతుందో పీఏ ద్వారా కనుక్కుని, సరిగ్గా ఆ ఎత్తుకే విడిది వాకిట్లో సిమెంటు తోరణం పోయించాడు. ప్రారంభం రోజున పెద్దాయన నేలమీదే నిలబడి, మడమలైనా ఎత్తకుండా మామిడాకులు కట్టారు. ఫొటో దివ్యంగా వచ్చింది. తర్వాత వైకుంఠరావుగారి చిన్న వ్యాను తోరణం కింద నుంచి దూరింది. అందరం చప్పట్లు కొట్టాం. ఇల్లంత బండి వస్తే పడుతుందా అని ఎవరూ అడగలేదు. అడిగితే ఆయన ఎత్తు గురించి అడిగినట్టవుతుంది.

ఇలా మా రోజులు చల్లగా సాగుతుండగా ఒక సాయంత్రం హైవే మీద నుంచి కూర్మారావుగారి బస్సు దిగింది.

బెల్లం రంగు వేసిన పాత లగ్జరీ బస్సు అది. కూర్మారావుగారు కుర్రతనంలో లారీ నడిపి, తర్వాత అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసి, చివరికి కొట్టు అమ్మేసి ఆ బస్సు కొని, మా సంస్థలో బండి ఉన్న మొదటి సభ్యులయ్యారు. సీట్లు పీకించి లోపల గ్యాసు పొయ్యి, రెండు మంచాలు, రుబ్బురోలు కూడా బిగించారు. మెట్ల దగ్గర తులసికుండీని తాడుతో కట్టారు. కుడివైపు పెద్ద కిటికీ పక్కన ఒక కుర్చీ వేశారు. ఆ కుర్చీ సన్యాసమ్మగారిది.

సన్యాసమ్మగారు కూర్మారావుగారి భార్య నూకరత్నంగారికి స్వయానా అక్క. వాళ్ల వైపు అక్కని అప్ప అంటారు. ఆవిడకి కళ్లల్లో నీటికాసులు, డాక్టర్లు గ్లకోమా అనేది. చూపు చుట్టూతా మూసుకుపోతూ వస్తోంది. పోయినది మళ్లీ రాదనీ, చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే త్వరగా చూసెయ్యమనీ విశాఖపట్నం డాక్టరు చెప్పాడట. ఆవిడ చూడాలనుకున్నది ఒక్కటే. కన్యాకుమారిలో పొద్దు సముద్రంలోంచే లేచి సముద్రంలోకే దిగుతుందని చిన్నప్పుడు ఎవరో చెబితే అక్కచెల్లెళ్లిద్దరూ వెళ్లి చూడాలని ఒట్టు పెట్టుకున్నారు. తర్వాత పెళ్లిళ్లు, బెల్లం పొయ్యిలు, పొగ. ఒట్టు అలాగే ఉండిపోయింది.

ఇదంతా బస్సు ఆగిన కాసేపట్లోనే నూకరత్నంగారు నాకు చెప్పారు. సన్యాసమ్మగారు మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, చొక్కాకి గుండీ ఊడిపోనాది, సూసుకోలేదేటి? ఇలగియ్యి, కుట్టీసి ఇస్తాను" అన్నారు. సూదిలోకి దారం తనే ఎక్కించి కుట్టారు. ఆ చూపు ఇంకెంతకాలం ఉంటుందోనని నాకు నిజంగానే బెంగ కలిగింది. కానీ ముందు డ్యూటీ. కంప్యూటర్లో బస్సు రాక నమోదు చేయించి, సభ్యుల భద్రత నిమిత్తం ముందు చక్రానికి సంస్థవారి పసుపుపచ్చ తాళం వేయించాను.

అప్పుడు మా వాచ్‌మన్ పెంచలయ్య బస్సు వైపు చూసి, తోరణం వైపు చూసి, తల గోక్కున్నాడు. "సార్, ఈ బస్సు ఈ సందులో దూరేదానికి కాదు సార్. రెండు మూరలు ఎత్తుండాది."

కూర్మారావుగారు కిందికి దిగి చూసుకుని నవ్వేశారు. "పోన్లెండి బాబూ. మీరేటి చేస్తారు. ఈ రోడ్డు పక్కన పడుకుని తెల్లారగట్ల ఎలిపోతాం. తాళం తీయించీండి."

ఇక్కడే సామాన్యులకి మా కష్టాలు అర్థం కావు. రాక నమోదయ్యాక మా కంప్యూటరుకి ప్రవేశం, నిష్క్రమణ అని రెండే తెలుసు. వచ్చినవాడు ప్రవేశించాలి. ప్రవేశించినవాడు నిష్క్రమించాలి. ప్రవేశించకుండానే ఒకడు నిష్క్రమిస్తే లోపల ఉన్న బళ్ల సంఖ్య ఎంత? అప్పటికి లోపల సున్న. సున్నలోంచి ఒకటి పోతే? విడిదిలో మైనస్ ఒక బస్సు ఉంటుంది. లేని బస్సు ఉండటం వేరు, మైనస్ బస్సు ఉండటం వేరు. ఆడిటర్లు వస్తే దాన్ని చూపించమంటారు. ఎక్కణ్ణించి తెచ్చి చూపించను?

"కాబట్టి ముందు మీరు లోపలికి వెళ్లాలి. అప్పుడు బయటికి వెళ్లచ్చు" అని మర్యాదగా చెప్పాను.

"నాను బయటే ఉన్నాను గదా బాబూ?"

"అందుకే వెళ్లడానికి వీల్లేదు."

మర్నాడు ఇంజినీరు వచ్చాడు. నిచ్చెన వేసుకుని బస్సెక్కి, పైనున్న నీళ్ల ట్యాంకు దింపించాడు. ట్యాంకు దిగింది గానీ బస్సు బస్సంతే ఉంది. ఇంజినీరు గడ్డం నిమురుకుని, "వాహన శిరోభాగాన్ని కొంతమేర సవరించుటకు సాంకేతికంగా అభ్యంతరం లేదు" అన్నాడు. బస్సు తల కోస్తారట అని పెంచలయ్య తెలుగులో చెప్పాడు. నూకరత్నంగారు అట్లకాడతో సహా మెట్లు దిగారు. "నా ఇంటి కప్పు కోస్తావేటి? ముందు నీ ఇంటికెల్లి కోసుకుని రా, అప్పుడు మాటాడుదాం" అన్నారు. సాంకేతికంగా అప్పుడు అభ్యంతరం వచ్చింది.

మరి తోరణం పగలగొట్టచ్చు కదా అని మీరనచ్చు. కూర్మారావుగారూ అదే అన్నారు. ఖర్చు తనే పెట్టుకుంటానన్నారు. నేను ఆయన్ని పక్కకి తీసుకెళ్లి, తోరణానికి ఉన్న శిలాఫలకం చూపించాను. పెద్దాయన అమృతహస్తాలతో అని దానిమీద బంగారు అక్షరాలున్నాయి. అమృతహస్తాలు తాకినదాన్ని సుత్తితో తాకాలంటే, తాకిన చేతుల యజమాని రాసిచ్చిన అనుమతి కావాలి. ఆ అనుమతి అడగాలంటే తోరణం పొట్టిగా ఉందని చెప్పాలి. ఎందుకు పొట్టిగా కట్టారని ఆయన అడుగుతారు. అప్పుడు ఎవరు చెబుతారు? నాకు పిల్లలున్నారు. ఇంజినీరుకీ ఉన్నారు.

"ఎత్తు తగ్గనప్పుడు నేలనే తగ్గిద్దాం" అని ఫోన్లో వైకుంఠరావుగారు సెలవిచ్చారు. తోరణం కింద తవ్వడం మొదలుపెట్టాం. సముద్రం దగ్గరి నేల కదా, నడుం లోతు వెళ్లకముందే నీళ్లూరాయి. పగలంతా మోటారు పెట్టి తోడితే తెల్లారేసరికి మళ్లీ నిండాయి. కప్పలు చేరాయి. వైకుంఠరావుగారు పరిశీలనకి వచ్చినప్పుడు ఆయన చిన్న వ్యాను అలవాటు కొద్దీ తోరణం వైపు తిరిగి ముక్కు దాకా దిగబడింది. పెంచలయ్యా, కూర్మారావుగారూ కలిసి ఆయన్ని చంకల కింద పట్టుకుని పైకి లాగారు. ప్యాంటు పిండుకుంటూ వైకుంఠరావుగారు, "సభ్యులకి జలవిహారం కూడా ఉండాలని నా మనసులో ఎప్పట్నుంచో ఉంది" అన్నారు. ఆయన్ని గొప్పవాడనేది ఇందుకే.

ఈలోగా వారాలు దొర్లుతున్నాయి. కూర్మారావుగారు పొద్దున్నే లేచి బస్సు స్టార్టు చేసి, కాసేపు ఉంచి, మళ్లీ ఆపేవారు. ఇంజను బిగుసుకుపోకుండా ఉండటానికట. హైవే మీద వెళ్లే లారీల వైపు చూస్తూ నిలబడేవారు. ఒకరోజు నేను వెళితే సన్యాసమ్మగారు చేతిలో సూది పట్టుకుని కూర్చున్నారు. "రత్నం, ఈ దారమేటి సూదిలో దూరదు? సూది బెజ్జం పూడ్చీసినారేటి?" అంటున్నారు. నూకరత్నంగారు సూది తీసుకుని ఎక్కించి ఇచ్చారు. తర్వాత బస్సు వెనక్కి వెళ్లి చీర చెంగుతో మొహం తుడుచుకున్నారు. వెంటనే వైకుంఠరావుగారికి ఫోన్ చేసి, పెద్దావిడ చూపు పోతోందనీ, ఏదో ఒకటి త్వరగా చెయ్యాలనీ చెప్పాను.

"మానవతా దృక్పథంతో సముచిత నిర్ణయం తీసుకోబడుతుంది" అన్నారాయన. తీసుకోబడింది. దాన్ని విన్నప్పుడు నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"బస్సు విడిదిలోకి రాలేకపోతే ఏమైందయ్యా? విడిదే బస్సు దగ్గరికి వెళుతుంది!"

తోరణం పక్కన ప్రహరీని ఆనుకుని బస్సు నిలబడ్డ జాగా కూడా సంస్థదే. కాబట్టి అక్కడ విడిది ప్రహరీగోడ తీసేసి, ముందుకి జరిపి, బస్సు చుట్టూ తిప్పి కడితే బస్సు విడిది లోపల ఉన్నట్టే. చక్రం ఒక్క అంగుళం కదలక్కర్లేదు. మేస్త్రీలు దిగారు. కూర్మారావుగారికి మొదట అనుమానం వచ్చింది. "గోడ కట్టీస్తే మరి మేం ఎలగెల్తాం బాబూ?" అన్నారు. ప్రవేశం పూర్తయితే నిష్క్రమణకి ఏ అడ్డూ ఉండదని నిబంధన చూపించి ధైర్యం చెప్పాను. అందులో అబద్ధం ఏమీ లేదు. నిబంధనల్లో ఏ అడ్డూ లేదు.

గోడ లేచింది. మనిషికి నిలువున్నర ఎత్తు, పైన గాజుపెంకులు. తోరణం కింది గొయ్యి పూడ్చి సిమెంటు చేశాం. ప్రవేశోత్సవం ఘనంగా జరిగింది. గుమ్మడికాయ కొట్టాం. వైకుంఠరావుగారు బస్సు ముందు కొబ్బరికాయ కొట్టారు. సన్యాసమ్మగారి చేత హారతి ఇప్పించాం. ఆవిడ పళ్లెం బస్సు వైపు కాకుండా మేస్త్రీల నిచ్చెన వైపు తిప్పుతుంటే నూకరత్నంగారు భుజాలు పట్టుకుని మెల్లగా ఇటు తిప్పారు. కంప్యూటర్లో ప్రవేశం పడింది. లోపల ఒక బస్సు. మా విడిది చరిత్రలో మొదటిసారి సున్న పోయింది. అందరం కౌగలించుకున్నాం.

కూర్మారావుగారు కూడా నన్ను కౌగలించుకున్నారు. కళ్లల్లో నీళ్లు. "ఇంక తాళం తీయించీండి బాబూ. రాత్రికి తమిళనాడులో ఉంటాం."

పెంచలయ్య తాళం తీశాడు. కూర్మారావుగారు సీట్లో కూర్చుని, వదినని కిటికీ దగ్గర కూర్చోమని కేకేసి, హారన్ కొట్టి బస్సు స్టార్టు చేశారు. నిబంధన ప్రకారం నిష్క్రమణ తోరణం గుండానే జరగాలి. బస్సు గుండ్రంగా తిరిగి, మెల్లగా వెళ్లి, తోరణం ముందు ఆగింది. అది అలాగే ఉంది. పెద్దాయన చెయ్యెత్తినంత.

ఇంజను ఆగిపోయింది. గోడ వైపు వేలు చూపించి పెంచలయ్య, "ఈ గోడ అన్నా కొంచెం పగలకొడదాం సార్, నిన్ననే గదా కట్టింది, ఇంకా పచ్చిగానే ఉండాది" అన్నాడు. వాడికేం తెలుసు. ఆ ఉదయమే గోడలో శిలాఫలకం పెట్టాం. పెద్దాయన రాలేక దాన్ని తన ఆఫీసులోనే తాకి పంపారు.

కూర్మారావుగారికి కోపం వచ్చింది. ఆ మనిషికి కోపం రావడం నేను చూసింది అదొక్కసారే. వైకుంఠరావుగారి ముందు నిలబడి, "మా వదిన కళ్లు మీకోసం ఆగవు సార్. అర్థమవుతోందా? పోనాక మీ నిబంధన పెట్టి చూస్తాదా?" అని అరిచారు. వైకుంఠరావుగారు చలించిపోయారు. ఆయన చలిస్తే సంస్థ చలిస్తుంది. మూడు రోజులు తిరక్కుండానే, బడిగోడల మీద నాయకుల బొమ్మలు వేసే ఆర్టిస్టుని నాయుడుపేట నుంచి పిలిపించారు.

సన్యాసమ్మగారి కిటికీకి ఎదురుగా గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా కన్యాకుమారి వేయించాం. ఎడమవైపు పొద్దు లేస్తోంది. కుడివైపు పొద్దు దిగుతోంది. అసలు కన్యాకుమారిలో రెండూ చూడాలంటే పొద్దస్తమానం కాచుకోవాలి. మా గోడ మీద ఒక్క చూపులో అయిపోతుంది. మధ్యలో, రెండు సూర్యుళ్లకీ నడుమ, సముద్రంలోంచి లేస్తూ పెద్దాయన చిరునవ్వుతో నమస్కారం పెడుతున్నారు. ఆర్టిస్టుకి ఆ మొహం చేతికి అలవాటు. సముద్రం మాత్రం అతను అంతకుముందు ఎప్పుడూ వెయ్యలేదట, బడిగోడకి వేసే నీలంతో సరిపెట్టాడు.

ఆవిష్కరణకి వైకుంఠరావుగారు స్వయంగా సన్యాసమ్మగారి చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకొచ్చారు. "దృశ్యాన్ని సభ్యుల ముంగిటికే చేర్చిన తొలి సంస్థ మనది. ఎలా ఉందమ్మా?"

ఆవిడ గోడకి దగ్గరగా వెళ్లారు. ఇంకా దగ్గరగా వెళ్లారు. అరచేత్తో సముద్రాన్ని తడిమారు. రంగు ఆరలేదు, చెయ్యంతా నీలం అయింది. "ఇందులో తడి ఉన్నాది గానీ సప్పుడు లేదు బాబూ" అన్నారు. చెంగుతో చెయ్యి తుడుచుకుని వెనక్కి తిరిగి, ఎదురుగా ఉన్న నన్ను ఎవరు బాబూ నువ్వు అని అడిగారు. గొంతు వినిపించాక గుర్తుపట్టారు. ఆవిడ కుట్టిన గుండీ నా చొక్కాకి ఉంది. ఆవిడకది కనపడలేదు.

ఆ సాయంత్రం నూకరత్నంగారు నా గదికి వచ్చారు. అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "బాబూ, మీ నిబంధనల్లో మేమేటి?" అని అడిగారు.

ప్రజాసంబంధాల అధికారిని కాబట్టి జవాబు చెప్పడం నా విధి. నిబంధనల పుస్తకం తీసి మొదటి పేజీ చదివాను. సభ్యుడనగా నమోదైన వాహనము. అందలి వ్యక్తులు, వంటపాత్రలు, పరుపులు మొదలైనవి వాహనమునకు అనుబంధ సామగ్రిగా పరిగణించబడును.

"సామాను బయటికెల్లాలంటే తాళం, నిష్క్రమణ, ఇవేమీ అక్కర్లేదేటి?"

నాకు అప్పుడు తట్టింది. మాకెవరికీ అంతవరకు తట్టలేదు. చెంబు బయటికి తీసుకెళితే మేమెప్పుడూ నమోదు చెయ్యలేదు. "అక్కర్లేదండి. సామాను మీద మాకు ఏ ఆంక్షలూ లేవు" అన్నాను.

ఆవిడ లేచి బస్సు దగ్గరికి వెళ్లారు. కూర్మారావుగారు తులసికి నీళ్లు పోస్తున్నారు. మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

"ఏవండీ, ఎలిపోదారి రండి."

"బస్సు ఒగ్గీసా?" ఆయన చేతిలో చెంబు ఆగిపోయింది. "ఏటి రత్నం, ఎంత కష్టపడి కట్టీసుకున్నాం ఈ ఇల్లు. ఇంకో వారం చూద్దాం. ఏదో దారి దొరుకుద్ది."

"దారి దొరికేలోపు అప్పకి చూపు పోతాది. మనం బస్సు చూడ్డానికి బయల్దేరినామేటి? పొద్దు చూడ్డానికి బయల్దేరినాం."

ఆయన చాలాసేపు బస్సు వైపే చూశారు. తర్వాత లోపలికి వెళ్లి స్టీరింగ్ రెండు చేతులతో తాకి కళ్లకద్దుకున్నారు. దిగి వచ్చి బస్సు తాళం చెవి నా చేతిలో పెట్టారు. "తులసికి నీళ్లు పోయించండి బాబూ. పొద్దున్న ఒకసారి ఇంజను స్టార్టు చేయించండి. ఒద్దులెండి, దానికి ఆశ పెట్టినట్టవుద్ది" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆఫీసు ఆవరణలో ఉన్నాను కాబట్టి దగ్గులోకి మార్చుకున్నాను.

ముగ్గురూ ఒక సంచీ, ఒక మూటతో తోరణం కింద నుంచి నడిచి వెళ్లారు. ఎవరూ తల కూడా వంచక్కర్లేకపోయింది. మూట నేనే రోడ్డు దాకా మోశాను. అనుబంధ సామగ్రిని అధికారి స్వయంగా మోయడం హోదాకి తగదని తర్వాత నాకు మెమో వచ్చింది. పెంచలయ్య చెయ్యడ్డం పెట్టి తిరుపతి వెళ్లే ఎర్రబస్సు ఆపాడు. ఆ బస్సుకి లోపల రోలు లేదు, తులసి లేదు. కిటికీ పక్క సీట్లో ఉన్న కుర్రాడు లేచి సన్యాసమ్మగారికి చోటిచ్చాడు. బస్సు బయల్దేరింది. దానికి ఏ తోరణమూ అడ్డు రాలేదు.

తర్వాత కూర్మారావుగారు ఒకసారి ఫోన్ చేశారు. తిరుపతి నుంచి రైళ్లు మారి, ఒకచోట నిలబడే ప్రయాణం చేసి, మొత్తానికి వెళ్లారట. తెల్లారుజామున రాళ్ల మీద ముగ్గురూ కూర్చున్నారట. సన్యాసమ్మగారికి చూపు మధ్యలో బెజ్జమంత మిగిలింది. అందులోంచే పొద్దు లేవడం చూశారట. వెనక అలల చప్పుడు నాకు ఫోన్లో వినిపిస్తూనే ఉంది.

"తర్వాత ఏమన్నారండి?" అని అడిగాను.

"ఏటే రత్నం, ఇందులో ఆ గోడ మీది బాబు మొగం లేదేటే, అని అడిగిందండి మా వదిన." కూర్మారావుగారు నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. "లేదప్పా, ఇక్కడికి ఆయన చెయ్యి అందలేదు, అని మా రత్నం చెప్పింది. సాయంత్రం పొద్దు దిగడం కూడా చూసినాం బాబూ. అదీ చూసింది. చాలు."

సాయంత్రానిది ఆవిడ నిజంగా చూశారో, చెల్లెలు చెబుతుంటే విన్నారో నేను అడగలేదు.

ఇక మొదట మీరడిగిన ప్రశ్న. బస్సు ఇప్పటికీ మా దగ్గరే ఉంది. ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా నిండి ఉన్న విడిదిగా నక్కలమిట్టకి ఈ ఏడు పురస్కారం వచ్చింది. పురస్కారం ఇవ్వడానికి పెద్దాయన స్వయంగా వస్తున్నారు. బస్సు అద్దానికి మామిడాకులు కట్టాలట. అందదు. అందుకని ఇంజినీరు బస్సు టైర్లు తీయించి దాన్ని నేలకి దించే పనిలో ఉన్నాడు.

పెద్ద బళ్లకి మా విడిది పనికొస్తుందా అంటే, పనికొస్తుందండి. ఆ బస్సునే అడగండి, ఇంతవరకు ఒక్క ఫిర్యాదు చెయ్యలేదు. తులసికి మాత్రం రోజూ నేనే నీళ్లు పోస్తున్నాను. మూడు కొత్త రెమ్మలేసింది. కూర్మారావుగారు తిరుగు ప్రయాణంలో వచ్చి కుండీ పట్టుకెళ్లచ్చు. అది సామానే.